స్లాట్‌లో పెట్టిన కార్డు ఎక్కడ ఆగిపోతుంది? ఛాసిస్ స్విచ్ మాడ్యూళ్ల అమరిక, నిఘా

సంక్షిప్తంగా: ఛాసిస్ స్విచ్‌లో (విడి కార్డులతో నడిచే పెద్ద నెట్‌వర్క్ స్విచ్) కొత్త మాడ్యూల్ ఒక్క అడుగులో పనిలోకి రాదు. పిన్నులు తగలాలి, గుర్తింపు చదవాలి, కరెంటు మంజూరు కావాలి, బూట్ కావాలి, డయాగ్నస్టిక్స్ (స్వీయ పరీక్షలు) దాటాలి, కార్డులను కలిపే ఫ్యాబ్రిక్‌తో లింకు పడాలి. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే కారణం సగం దొరికినట్టే. పనిలోకి వచ్చాక మాత్రం తయారీదారు పెట్టిన హద్దు దాటేదాకా కూర్చోకుండా, ఆ మాడ్యూల్ తన మామూలు అంకెల నుంచి ఎంత జరిగిందో గమనించాలి.

ఒకే పెట్టెలో చాలా యంత్రాలు

చిన్న స్విచ్‌లో పోర్టులు, ప్రాసెసర్, పవర్ సప్లై అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. ఏదైనా పోతే డబ్బానే మార్చేస్తారు. ఛాసిస్ స్విచ్ అలాంటిది కాదు. అది ఒక ఇనుప చట్రం, వెనక ఒక బ్యాక్‌ప్లేన్ (కార్డులు తగిలే కనెక్టర్ల బోర్డు), మిగతాదంతా విడివిడి మాడ్యూళ్లు. నిర్ణయాలు తీసుకునేది సూపర్‌వైజర్, కేబుళ్లు ఎక్కేది లైన్ కార్డులకు, ఒక కార్డు నుంచి మరో కార్డుకు ప్యాకెట్లు మోసేది ఫ్యాబ్రిక్ మాడ్యూళ్లు. పవర్ సప్లైలు, ఫ్యాన్ ట్రేలు అందరికీ ఉమ్మడి. 1999లో వచ్చిన సిస్కో కాటలిస్ట్ 6500 శ్రేణి పదేళ్లకు పైగా డేటా సెంటర్లలో నిలబడిందంటే ఈ అమరికే ముఖ్య కారణం. చట్రం ఉండగానే లోపలి కార్డులు తరం మారాయి.

అయితే స్లాట్లన్నీ ఒకటి కావు. పది స్లాట్ల కాటలిస్ట్ 9400లో సూపర్‌వైజర్‌కు 5, 6 స్లాట్లు మాత్రమే కేటాయించారు. నెక్సస్ 9500లో ఫ్యాబ్రిక్ మాడ్యూళ్లు వెనకవైపు ఫ్యాన్ ట్రేల చాటున ఉంటాయి. ఒక ఫ్యాబ్రిక్ మార్చాలంటే ముందు దాని మీదున్న ఫ్యాన్ ట్రేను బయటికి తీయాలి. అంటే ఫ్యాబ్రిక్ మార్పు అనుకున్నది గాలి ప్రవాహానికి కూడా అంతరాయమే. ఫ్యాన్ ట్రే లేకుండా ఛాసిస్ ఎంతసేపు నడుస్తుందో మోడల్‌ను బట్టి మారుతుంది. కొన్నిటిలో ఆ గడువు కొద్ది నిమిషాలే, ఆ తరువాత సిస్టమ్ తనంతట తానే ఆగిపోతుంది. కాబట్టి ఫ్యాన్ ట్రే బయటికి రాకముందే కొత్త మాడ్యూల్ పెట్టెలోంచి తీసి, మూతలు ఊడదీసి, చేతికందేచోట ఉండాలి.

స్లాట్‌లోకి దిగే ఆ రెండు మూడు సెకన్లు

నడుస్తున్న స్విచ్‌లోకి కార్డు తోస్తే మిగతావి ఎందుకు ఆగిపోవు? జవాబు కనెక్టర్‌లో ఉంది. దాని పిన్నులు అన్నీ ఒకే పొడవు ఉండవు. అన్నిటికన్నా పొడవైనవి గ్రౌండ్ పిన్నులు, అవే ముందు తగులుతాయి. తరువాత పవర్, ఆ తరువాత సిగ్నల్. చిట్టచివర తగిలే పొట్టి పిన్ను 'కార్డు పూర్తిగా కూర్చుంది' అని చెప్పేది. ఆ కబురు అందేదాకా కార్డులోని ప్రధాన సర్క్యూట్లకు కరెంటు వెళ్లదు. కరెంటు ఇచ్చేటప్పుడు కూడా హాట్‌స్వాప్ కంట్రోలర్ దాన్ని నెమ్మదిగా పెంచుతుంది. అలా చేయకపోతే ఖాళీగా ఉన్న కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు లాగేసి, పక్క కార్డులకు అందే ఓల్టేజీని కుంగదీస్తాయి.

ఈ క్రమం సరిగా జరగడం చేతి మీద కూడా ఆధారపడుతుంది. కార్డును రెండు చేతులతో, ఒకటి ముందు ప్లేటు మీద, మరొకటి కింద ఆనించి, గైడ్ పట్టాల్లోకి తిన్నగా జరపాలి. లివర్లను పట్టుకుని మోయకూడదు, అవి బరువు ఆపడానికి చేసినవి కావు. కనెక్టర్ దగ్గర ప్రతిఘటన తెలియగానే రెండు ఎజెక్టర్ లివర్లనూ ఒకేసారి, ఆగకుండా లోపలికి మూయాలి. ఒక లివర్ ముందు, మరొకటి తరువాత మూస్తే కార్డు వంకరగా కూర్చుంటుంది. సగంలో ఆపి ఆలోచిస్తే కొన్ని పిన్నులు తగిలి, కొన్ని తగలక ఉండిపోతాయి. ఉమ్మడి బస్ (కార్డులన్నీ పంచుకునే డేటా దారి) వాడిన పాత ఛాసిస్‌లలో ఈ సంకోచం మరీ ప్రమాదం. కార్డు దిగేటప్పుడు బస్ కాసేపు నిలుస్తుంది, ఆ నిలుపు సాగితే మిగతా కార్డుల ట్రాఫిక్ కూడా తగ్గుతుంది.

లివర్లు మూసినంత మాత్రాన పని అయిపోలేదు. రెండు పక్కలా ఉన్న స్క్రూలు బిగించాలి. చాలా కార్డులకు ఒక న్యూటన్ మీటర్ లోపు టార్క్ చాలు, కచ్చితమైన అంకె ఆ మాడ్యూల్ మాన్యువల్‌లో ఉంటుంది. ఈ స్క్రూలు కార్డు ఊడిపోకుండా పట్టుకోవడమే కాదు, ముందు ప్లేటును చట్రం గ్రౌండుకు కలుపుతాయి. వీటిని వదిలేస్తే, పక్క స్లాట్‌లో కేబుల్ లాగినప్పుడు కార్డు వెంట్రుకవాసి కదిలి, నెలకోసారి వచ్చి పోయే అంతుచిక్కని లోపంగా తేలుతుంది.

మరో చిక్కు ముందు ప్లేటు అంచున ఉండే స్ప్రింగు పట్టీ. విద్యుదయస్కాంత తరంగాలు బయటికి పోకుండా ఆపడానికి దాన్ని పెడతారు. పక్కపక్క కార్డుల పట్టీలు ఒకదాన్నొకటి నెడతాయి. అన్ని స్లాట్లూ నిండిన ఛాసిస్‌లో చివరి కార్డు దూరకపోవడానికి తరచు ఇదే కారణం. లివర్లు పట్టుకుని కార్డును పక్క కార్డు నుంచి ఒక మిల్లీమీటరు ఎడంగా నొక్కిపెట్టి లోపలికి తోస్తే దిగుతుంది. అలా చేయకుండా బలం పెడితే పట్టీ చిరుగుతుంది. అంతకన్నా ఘోరమేమిటంటే, తెగిన లోహపు ముక్క లోపల పడుతుంది.

స్థిరవిద్యుత్తు గురించి అందరికీ తెలుసుననుకుంటారు, పాటించేది తక్కువ. మనిషికి చేతివేలి దగ్గర చురుక్కుమనాలంటే సుమారు 3,000 ఓల్టులు కావాలి. కొన్ని సెమీకండక్టర్ భాగాలు 100 ఓల్టుల లోపే దెబ్బతింటాయి. అంటే ఏమీ తెలియకపోవడం ఏమీ జరగలేదనడానికి రుజువు కాదు. పైగా దెబ్బ తిన్న చిప్ అక్కడికక్కడే చావదు, కొన్ని నెలలు పనిచేసి తరువాత పోతుంది. రిస్ట్ స్ట్రాప్‌ను చర్మానికి తగిలేలా కట్టి, రెండో కొసను ఛాసిస్ మీద రంగు లేని గ్రౌండ్ బిందువుకు తగిలించాలి. స్ట్రాప్ నిరోధం 1 నుంచి 10 మెగా ఓముల మధ్య ఉందో లేదో అప్పుడప్పుడు మీటర్‌తో చూడాలి. లోపల తీగ తెగిన స్ట్రాప్ ఉత్త అలంకారం.

కరెంటు లెక్క: ఉన్నా దొరకకపోవడం

కార్డు కూర్చుంది, ఎల్‌ఈడీ వెలగలేదు. చాలామంది కార్డు పాడైందనుకునేది ఇక్కడే. నిజానికి స్విచ్ ఆ కార్డుకు కరెంటు ఇవ్వనని చెప్పి ఉండవచ్చు.

కార్డు మీద ఒక చిన్న మెమరీ చిప్ ఉంటుంది. అందులో రకం, సీరియల్ నంబరు, గరిష్ఠంగా కావలసిన వాట్లు రాసి ఉంటాయి. సూపర్‌వైజర్ ముందు దీన్ని చదువుతుంది. మిగులు బడ్జెట్‌లో అన్ని వాట్లు ఉంటేనే ప్రధాన పవర్ ఇస్తుంది. ఇక్కడ గమనించాల్సింది, లెక్క అసలు వాడకం మీద కాదు, కేటాయింపు మీద. స్విచ్ మొత్తం 4,000 వాట్లే లాగుతున్నా, 5,900 వాట్లు ఇప్పటికే కేటాయించి ఉంటే, 6,000 వాట్ల బడ్జెట్‌లో 300 వాట్ల కార్డుకు చోటు లేనట్టే. మీటర్‌లో కనిపించే వాడకం చూసి విస్తరణ ప్లాన్ చేయకూడదనడానికి ఇదే కారణం.

బడ్జెట్ ఎంత అనేది రిడండెన్సీ (ఏదైనా పోయినా నడిచేలా అదనం ఉంచుకోవడం) పద్ధతి నిర్ణయిస్తుంది. ఉదాహరణకు 3,000 వాట్ల పవర్ సప్లైలు నాలుగు ఉన్నాయనుకుంటే, అన్నీ కలిపి వాడే పద్ధతిలో 12,000 వాట్లు. ఒకటి పోయినా నడవాలంటే 9,000. రెండు విద్యుత్ లైన్లలో ఒకటి మొత్తంగా పోయినా నడవాలంటే 6,000 మాత్రమే. ఒకే పెట్టె, ఒకే సప్లైలు, మూడు వేర్వేరు బడ్జెట్లు. చివరి పద్ధతిలో ఒక లోపం దాగి ఉంది. ఫలానా సప్లై అరలు ఒక లైనువి, ఫలానావి మరో లైనువి అని స్విచ్ స్లాట్ నంబర్లను బట్టి అనుకుంటుంది. ప్లగ్గులు నిజంగా ఎక్కడ పెట్టారో దానికి తెలియదు. నాలుగు తీగలూ ఒకే యూపీఎస్‌కు చేరినా స్క్రీన్ మీద రిడండెన్సీ ఉన్నట్టే చూపిస్తుంది. తీగ పట్టుకుని గోడదాకా వెళ్లి చూడటం తప్ప దీనికి మరో పరీక్ష లేదు.

ఫోన్లకు, వైఫై యాక్సెస్ పాయింట్లకు కేబుల్‌లోనే కరెంటు పంపే పీఓఈ కార్డులు ఈ లెక్కను ఒక్కసారిగా పెంచేస్తాయి. 2003 నాటి 802.3ఏఎఫ్ ప్రమాణంలో పోర్టుకు 15.4 వాట్లు, 2009 నాటి 802.3ఏటీలో 30, 2018 నాటి 802.3బీటీలో 90 దాకా. 48 పోర్టుల కార్డులో పోర్టుకు 30 అయితే 1,440 వాట్లు, 90 అయితే 4,320 వాట్లు, అదీ కార్డు సొంత ఖర్చు కాకుండా. పోర్టులన్నీ పూర్తిగా వాడకపోవచ్చు, కానీ ఏ పోర్టుకు ఎంత హద్దు పెట్టాలో ముందే రాసుకోకపోతే సప్లై ఒకటి పోయిన రోజున ఏది ఆగాలో స్విచ్చే నిర్ణయిస్తుంది. చాలా మోడళ్లలో ఈ ప్రాధాన్యం మార్చుకోవచ్చు. మార్చకపోతే క్రమం స్లాట్ నంబరును బట్టి ఉండవచ్చు, మిగతా నెట్‌వర్క్‌కు కలిపే ముఖ్యమైన అప్‌లింక్ కార్డు ఏ స్లాట్‌లో ఉందో దానికి పట్టదు.

తీగల గురించి ఒక్క మాట. 230 ఓల్టుల మీద 3,000 వాట్లు ఇచ్చే సప్లై, 92 శాతం సామర్థ్యం ఉంటే, గోడ నుంచి సుమారు 14 ఆంపియర్లు లాగుతుంది. 10 ఆంపియర్ల సీ13 తీగ దీనికి చాలదు, 16 ఆంపియర్ల సీ19 కావాలి. తక్కువ ఓల్టేజీ మీద పెడితే చాలా సప్లైలు పూర్తి వాట్లు ఇవ్వవు. కొన్నిటిలో సగానికి పడిపోతుంది, బడ్జెట్ కూడా దాంతోపాటే కుదించుకుపోతుంది.

బూట్ నుంచి ట్రాఫిక్ దాకా

కరెంటు అందాక కార్డు సొంత ప్రాసెసర్ బూట్ అవుతుంది, సూపర్‌వైజర్ నుంచి సాఫ్ట్‌వేర్ దించుకుంటుంది. దీనికి కొన్ని నిమిషాలు పట్టడం మామూలే. ఆలస్యమైందని ఈ మధ్యలో ఊడబెరికితే లేని సమస్య తెచ్చుకున్నట్టవుతుంది. మాడ్యూల్ స్థితి చూపే కమాండ్‌లో వరుసగా పవర్ వచ్చింది, పరీక్ష జరుగుతోంది, సిద్ధమవుతోంది, సరిగా ఉంది అనే అర్థం వచ్చే మాటలు కనిపిస్తాయి. కార్డు పేరే కనిపించకపోతే పిన్నులు, కూర్చోవడం చూడాలి. పేరు ఉండి పవర్ నిరాకరణ కనిపిస్తే బడ్జెట్. పేరుకు బదులు గుర్తు తెలియని మాడ్యూల్ అని వస్తే సాఫ్ట్‌వేర్ వెర్షన్ పాతది, ఆ కార్డు పుట్టకముందు రాసినది. బూట్ అవుతూ మళ్లీ మళ్లీ మొదటికి వస్తుంటే కార్డు ఫర్మ్‌వేర్, మెమరీ, లేదా ఫ్యాబ్రిక్ లింకు.

డయాగ్నస్టిక్స్‌ను బూట్ సమయం తగ్గించడానికి చాలాచోట్ల కనీస స్థాయికి కుదిస్తారు, కొన్నిచోట్ల పూర్తిగా ఆపేస్తారు. కొత్త కార్డు మొదటిసారి పెట్టేటప్పుడు మాత్రం పూర్తి స్థాయి పరీక్ష పెట్టి, ట్రాఫిక్ ఎక్కకముందే జరిపించాలి. కొన్ని పరీక్షలు పోర్టులను లూప్ చేసి చూస్తాయి, కేబుళ్లు ఎక్కాక వాటిని నడిపితే లింకులు పడిపోతాయి.

కరెంటు తీసి మళ్లీ ఇవ్వడమే ఒక పరీక్ష అని 2014లో చాలామందికి తెలిసొచ్చింది. ఒకే సరఫరాదారు 2005 నుంచి 2010 మధ్య తయారుచేసిన మెమరీ భాగాలున్న కొన్ని ఉత్పత్తులకు సిస్కో ఆ ఏడాది హెచ్చరిక జారీ చేసింది. ఏళ్ల తరబడి సాఫీగా నడిచిన బోర్డు, కరెంటు తీసి ఇస్తే లేవకపోవచ్చు. నడుస్తున్నంతసేపు ఏ సెన్సారూ దీన్ని చెప్పలేదు. 2017లో కొన్ని ఉత్పత్తుల్లోని క్లాక్ సిగ్నల్ భాగం సుమారు 18 నెలల వాడకం తరువాత చెడిపోవచ్చని అదే సంస్థ ప్రకటించింది. తయారీదారుల ఫీల్డ్ నోటీసులను సీరియల్ నంబర్లతో పోల్చి చూసుకోవడం నిఘాలో భాగమేనని ఈ రెండూ చెబుతాయి.

గాలి

ఫ్యాన్లు ఎక్కువగా తిరిగితే ఇబ్బంది శబ్దం ఒక్కటే కాదు. వేగం 20 శాతం పెరిగితే గాలి 20 శాతమే పెరుగుతుంది, ఫ్యాన్ తినే కరెంటు మాత్రం సుమారు 73 శాతం పెరుగుతుంది. కరెంటు ఖర్చు వేగానికి ఘనంగా పెరగడమే ఇందుకు కారణం. ఖాళీ స్లాట్‌కు మూత పెట్టకపోతే గాలి అడ్డంకి లేని ఆ దారినే పోతుంది, కార్డుల మీదుగా వెళ్లేది తగ్గుతుంది, ఫ్యాన్లు వేగం పెంచుతాయి. ఒక రేకు ముక్క పెట్టకపోవడం ఇంత దూరం పోతుంది.

నిఘా: ఏ అంకె ఏం చెబుతుంది

ఉష్ణోగ్రత సెన్సార్లకు తయారీదారు సాధారణంగా రెండు హద్దులు పెడతాడు. మొదటిది దాటితే స్విచ్ లాగ్‌లో రాస్తుంది, రెండోది దాటితే మాడ్యూల్‌ను ఆపేస్తుంది. ఈ హద్దులు చిప్‌ను కాపాడటానికి పెట్టినవి, నిర్వాహకుడికి ముందస్తు కబురు ఇవ్వడానికి కాదు. అందుకే ఒంటరి అంకె కన్నా తేడా ఎక్కువ చెబుతుంది. గాలి లోపలికి వచ్చేచోట 24 డిగ్రీలు, చిప్ దగ్గర 62 అనుకుంటే తేడా 38. కొన్నాళ్లకు లోపలి గాలి 30, చిప్ 68 అయితే తేడా అదే 38, తప్పు గదిది. లోపలి గాలి 24 దగ్గరే ఉండి చిప్ 69 అయితే తేడా 45, తప్పు ఛాసిస్‌ది: దుమ్ము, ఫ్యాన్, లేక తెరిచి ఉంచిన స్లాట్. రెండు సందర్భాల్లోనూ హద్దు దాటలేదు, అలారం మోగలేదు. ట్రాఫిక్, ఫ్యాన్ వేగం ఇంచుమించు ఒకేలా ఉన్న వేళలను పోల్చితేనే ఈ తేడాకు అర్థం ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఈ అంకెలు బయటి పర్యవేక్షణ సర్వర్‌కు ఎస్‌ఎన్‌ఎంపీ (పరికరాల స్థితి తెలుసుకునే ప్రోటోకాల్) ద్వారా వస్తాయి. ఏ మాడ్యూల్ దేనిలో ఉందో చెప్పే పట్టిక ఎంటిటీ మిబ్‌కు ప్రస్తుత రూపం 2013 నాటి ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణ పత్రం) 6933. సెన్సార్ విలువలకు 2002 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3433. ఈ రెంటితో తరచు జరిగే పొరపాట్లు మూడు.

మొదటిది, విలువతో పాటు స్కేలు, దశాంశ స్థానాల సంఖ్య విడిగా వస్తాయి. వాటిని చదవకపోతే 32.5 డిగ్రీలు గ్రాఫ్‌లో 325గా కనిపిస్తుంది. రెండోది, మాడ్యూల్‌కు ఇచ్చే ఇండెక్స్ నంబరు రీబూట్ తరువాత అలాగే ఉంటుందన్న హామీ లేదు. ఇండెక్స్‌ను నమ్ముకుంటే ఒక రోజున మూడో స్లాట్ గ్రాఫ్‌లో ఐదో స్లాట్ వేడి కనిపిస్తుంది. పేరు, సీరియల్ నంబరుతో జతచేయాలి. మూడోది అన్నిటికన్నా ప్రమాదకరం. మాడ్యూల్ చచ్చిపోతే దాని సెన్సార్ కూడా పోతుంది, విలువే రాదు. 'ఇంత దాటితే చెప్పు' అనే నియమం రాని విలువ మీద ఎప్పటికీ మోగదు. నిన్న ఉన్న సెన్సార్ ఇవాళ లేకపోతే అదే ఒక అలారం కావాలి.

ఐదు నిమిషాలకోసారి అడిగే పోలింగ్, కొద్ది నిమిషాల గడువున్న ఫ్యాన్ ట్రే విషయంలో ఆలస్యమే అవుతుంది. అలాంటివాటికి ట్రాప్ (స్విచ్ అడగకుండానే పంపే ఎస్‌ఎన్‌ఎంపీ హెచ్చరిక), సిస్‌లాగ్ (సర్వర్‌కు పంపే లాగ్ సందేశాలు) రెండూ ఉండాలి. ట్రాప్ యూడీపీ మీద పోతుంది, దారిలో పోయినా తెలియదు కనుక ఒక్కదాన్నే నమ్మకూడదు. కొత్త మోడళ్లలో స్విచ్చే కొన్ని సెకన్లకోసారి అంకెలు పంపే స్ట్రీమింగ్ టెలిమెట్రీ ఈ ఖాళీని చాలావరకు పూడుస్తుంది.

ఫ్యాబ్రిక్ మాడ్యూళ్లను విడిగా గమనించాలి. ఆరింటిలో ఒకటి పోతే కార్డుల మధ్య సామర్థ్యం ఆరో వంతు తగ్గుతుంది, కానీ ఏ పోర్టు లింకూ పడదు. రద్దీ లేని రాత్రి ఎవరికీ తెలియదు, పగలు ప్యాకెట్లు పోతాయి. పూర్తిగా పోకుండా చెడుతున్న ఫ్యాబ్రిక్ మరీ కష్టం, లింకు ఉంటుంది, సీఆర్‌సీ లోపాలు (దారిలో చెడిన డేటా లెక్క) పెరుగుతుంటాయి. ఆ లెక్క సున్నా నుంచి కదిలిందంటే చూడాల్సిందే. మెమరీ ఈసీసీ సవరణలు (మెమరీ తనంతట తాను సరిదిద్దుకునే బిట్ లోపాలు) అలా కావు. ఎప్పుడో ఒకటి రావడం సహజం, ఒకే చోట పదేపదే వస్తేనే కార్డు మార్చే ఆలోచన.

ఫైబర్ కేబుళ్లు తగిలించే ఆప్టికల్ మాడ్యూళ్లలో అందే కాంతి 3 డీబీ తగ్గిందంటే సగమైనట్టు. కొన్ని రోజుల్లో మెల్లగా తగ్గితే మురికి కనెక్టర్ లేదా అలిసిన లేజర్, ఒక్కసారిగా తగ్గితే వంగిన ఫైబర్.

తీసేటప్పుడు, మార్చేటప్పుడు

లైన్ కార్డును ముందు కమాండ్‌తో ఆపి, ఎల్‌ఈడీ స్థితి మారాక లివర్లు తెరవాలి. సూపర్‌వైజర్ అయితే, పనిలో ఉన్నదాన్ని నేరుగా లాగకుండా స్టాండ్‌బై (తయారుగా ఉంచిన రెండో సూపర్‌వైజర్) పూర్తిగా సిద్ధంగా ఉందో చూసి, బాధ్యత దానికి మార్చి, అప్పుడు తీయాలి. స్టాండ్‌బైలో వేరే సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఉంటే ఈ మార్పు సాఫీగా జరగదు, మొత్తం స్విచ్ తిరిగి మొదలవ్వవచ్చు.

అదే రకం కార్డు పెడితే పాత కాన్ఫిగరేషన్ మామూలుగా దానికే వర్తిస్తుంది. వేరే రకం పెడితే పోర్టుల పేర్లే మారిపోవచ్చు, పాత సెట్టింగులు కొత్త పోర్టులకు అంటుకోవు. వాటిని ముందే రాసిపెట్టుకోవాలి.

తప్పు కార్డుదా, స్లాట్‌దా అని తేల్చడానికి కార్డును మరో స్లాట్‌లో పెట్టి చూడటం అందరికీ అలవాటు. పెట్టేముందు టార్చి లైటు వేసి కార్డు కనెక్టర్, స్లాట్ లోపలి పిన్నులు రెండూ చూడాలి. వంగిన పిన్ను ఉన్న స్లాట్ మంచి కార్డు కనెక్టర్‌ను చెడగొడుతుంది. ఆ చెడిన కార్డు మరో స్లాట్‌లోకి వెళ్తే అక్కడి పిన్నులను వంచుతుంది. కార్డు పోతే ఒక కార్డు మారుతుంది, బ్యాక్‌ప్లేన్ పిన్ను వంగితే చట్రమే మారాలి. పిన్ను వంగినట్టు కనిపిస్తే ఆ స్లాట్‌కు మూత పెట్టి, వాడకూడదని చీటీ అంటించి, అందులోంచి తీసిన కార్డును కూడా పరీక్ష అయ్యేదాకా పక్కన ఉంచాలి.